కలువాయి మెట్టలో కోళ్ల తెగులు నడచిన దారి

పెన్నకు దక్షిణమున, వెలికొండలకు తూర్పున పరచుకొన్న కలువాయి మెట్టసీమలో కోడి యొకప్పుడు ఇల్లాలి సొంత పెట్టుబడి. గంప క్రింద మూసి, నూకలు చల్లి పెంచుకొన్న ఆ నాటుకోళ్లలో కొన్ని చుట్టములు వచ్చిననాడు కూరయ్యెడివి, కొన్ని గ్రామదేవత కొలుపునకు మ్రొక్కుబడిగా పోయెడివి, మిగిలినవి అక్కరకు అమ్ముడుపోయెడివి.

ఈ సంపదను వారము దినములలో తుడిచిపెట్టునది కొక్కెర తెగులు. నిన్న కూసిన పుంజు నేడు రెక్కలు వ్రేలవైచి, నోరు తెరచి రొప్పుచు, పచ్చని రెట్ట వేసి, మెడ మెలిదిరిగి కూలును. 1926లో ఇంగ్లండునందలి న్యూకాసిల్‌లోను, జావాలోను గుర్తింపబడిన యీ వ్యాధి అచిరకాలముననే కుమావూఁ కొండలలోని రాణీఖేత్‌న బయటపడి, మనదేశమున ఆ యూరి పేరనే ప్రసిద్ధమైనది. 1940 దశాబ్దిలో ముక్తేశ్వర పరిశోధనాలయమున టీకా సిద్ధమైనను, తెగులు తలచూపిన పిమ్మట పొడిచిన సూది ప్రాణము నిలుపజాలదు.

అంతకన్న పెద్ద చిక్కు మన యలవాటులోనే యున్నది. ప్రక్క వీథిలో కోళ్లు చచ్చుచున్నవని విన్నంతనే మిగిలినవానిని అయినకాడికి సంతలో అమ్ముట, పొరుగూరి చుట్టములకు పంపుట, చచ్చినదానిని చెరువుగట్టున పారవేయుట మన పల్లెలలో చిరకాలము సాగినవి. నాలుగు రూకలు దక్కించుకొనజూచిన పేదరాలిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని ఆ గంపతోడనే తెగులును ఊరూరు తిరిగినది. గాలిని నిందించితిమి, అమ్మవారి యాగ్రహమంటిమి. దారిని మాత్రము మూయమైతిమి.

షెడ్లు వచ్చి వేలకోళ్లు ఒకే కప్పు క్రిందికి చేరిన పిదప ఆ పొరపాటు వెల పెరిగినది. 2024 ఫిబ్రవరిలో కలువాయికి తూర్పుననున్న పొదలకూరు మండలము చాటగొట్లలోను, కోవూరు మండలము గుమ్మళ్లదిబ్బలోను కోళ్లు వేలాదిగా మరణింపగా, భోపాల్ ప్రయోగశాల బర్డ్ ఫ్లూ అని తేల్చినది. పది కిలోమీటర్ల పరిధిలో 3 రోజులు, కిలోమీటరు లోపల 3 నెలలు కోడిమాంసపు దుకాణములు మూయవలసివచ్చెను.

నేడు షెడ్డు వాకిట మందునీటి తొట్టిలో కాలు ముంచనిదే లోనికి రానీయకుండుట, మేతలారీ చక్రములకు మందు చల్లుట, తిరిగివచ్చిన గ్రుడ్ల అట్టలను వెలుపలనే నిలుపుట, కొంగలు దూరకుండ వల కట్టుట, చచ్చినదానిని లోతైన గోతిలో సున్నముతో పూడ్చుట, కోళ్లు వెళ్లిన పిమ్మట ఊక యెత్తి షెడ్డును కొన్నాళ్లు ఖాళీగా నుంచుట ఆ దారిని మూయుటకే. అయితే షెడ్డులో పనిచేయువాని పెరటిలో నాటుకోళ్లున్నచో ఈ శ్రమయంతయు వ్యర్థము కావచ్చును. కనుక సంతనుండి తెచ్చిన కొత్తపెట్టను రెండు వారములు వేరుగంప క్రింద నుంచవలెనని ఆ యింటి యిల్లాలికిని తెలియజెప్పవలెను. టీకా వేయువారు షెడ్డుకు పోవు త్రోవలో ఆమె గడపయు త్రొక్కవలెను.