భారతదేశంలో టెలిమెడిసిన్: విస్తరణ, నియంత్రణ

దూరాన ఉన్న రోగికి ఫోను, వీడియో లేదా సందేశాల ద్వారా వైద్యుడు సలహా, చికిత్స ఇచ్చే పద్ధతి టెలిమెడిసిన్. మన దేశంలో సేవ ముందు మొదలైంది, నిబంధన ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది.

చిత్తూరు జిల్లా అరగొండ, అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. అక్కడి ఆసుపత్రిలో ఉపగ్రహం ద్వారా నడిచే టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. మరుసటి ఏడాది అంతరిక్ష సంస్థ ఇస్రో తన ప్రయోగాత్మక టెలిమెడిసిన్ పథకం చేపట్టింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 ఆరోగ్య సలహా ఫోను సేవ మొదలైంది. ఇంత జరిగినా, ఫోనులో మందు చెప్పిన వైద్యుడి బాధ్యత ఎంతవరకో తేల్చే నిబంధన లేదు. 2018లో, ఫోనులోనే మందులు సూచించారన్న ఆరోపణతో, రోగి మరణించిన కేసులో బాంబే హైకోర్టు ఇద్దరు వైద్యులకు ముందస్తు బెయిలు నిరాకరించింది. దాంతో వైద్యులు ఫోనులో సలహా ఇవ్వడానికే జంకారు.

కొవిడ్ లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వీటిని 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళికి అనుబంధంగా చేర్చారు. దేశంలో ఎక్కడ రిజిస్టరైన అల్లోపతి వైద్యుడైనా ఏ రాష్ట్రపు రోగినైనా చూడవచ్చు. ఈ వెసులుబాటు లేకుంటే తర్వాతి విస్తరణ కష్టమయ్యేది. రోగే ఫోను చేస్తే అదే సమ్మతి కింద లెక్క. కృత్రిమ మేధ వైద్యుడికి సాయపడవచ్చు గానీ నేరుగా మందు రాయకూడదు.

అసలు కట్టడి మాత్రం మందుల జాబితాల్లో ఉంది. పారాసెటమాల్, ఓఆర్ఎస్ వంటివి ఫోనులోనైనా రాయవచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే రోగిని వీడియోలో చూసి తీరాలి. పాత రోగికి అదే జబ్బుకు అదనంగా రాయదగ్గవి వేరే జాబితాలో ఉన్నాయి. మాదక ద్రవ్యాలు, కఠిన నియంత్రణలో ఉండే షెడ్యూల్ ఎక్స్ మందులు పూర్తిగా నిషిద్ధం.

కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్ మొహాలీ విభాగం రూపొందించిన ఈ-సంజీవని 2019 నవంబరులోనే మొదలైంది. పల్లె ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, పెద్దాసుపత్రి వైద్యుడితో మాట్లాడించే ఏర్పాటు ఇది. దీన్ని మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రోగి ఇంటి నుంచే వైద్యుణ్ని సంప్రదించే విభాగం 2020 ఏప్రిల్‌లో వచ్చింది. 2023 ఫిబ్రవరి నాటికి మొత్తం సంప్రదింపులు పది కోట్లు దాటగా, వాటిలో మూడు కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. మానసిక ఆరోగ్యానికి టెలి-మానస్ ఫోను సేవ (14416) 2022 అక్టోబరులో మొదలైంది.

2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ టెలిమెడిసిన్‌నూ కలుపుకొని కొత్త నియమావళి తెచ్చినా, వైద్య సంఘాల అభ్యంతరాలతో అదే నెలలో నిలిపివేసింది. 2002 నియమావళే మళ్లీ అమల్లోకి వచ్చింది.