సున్నం కాపాడేది ఇనుమును, గాజును కాదు

పల్నాటి దాచేపల్లి నేల సున్నపురాతి నేల. నాగులేరు ఒడ్డున, నడికూడిలో, పిడుగురాళ్లలో కాస్త లోతుకు తవ్వితే తగిలేది ఆ రాయే. అమరావతి స్తూపానికి చెక్కిన పలకలు పల్నాటి సున్నపురాయే. పొరలుగా విడిచే రాయి నాపరాళ్లయి ఇళ్లలో పరుచుకుంది, బట్టీలో కాలిన రాయి సున్నమైంది. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో పోసి, ఎడ్లు రాతిచక్రం తిప్పుతుంటే జిగురొచ్చేదాకా నూరేవారు. గానుగ సున్నపు గోడలో ఇనుము ఉండేది కాదు కనుక తుప్పు బెడదా లేదు.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కూడా ప్రధానంగా రాతి కట్టడమే. 124 మీటర్ల ఆ ఆనకట్ట తన బరువుతోనే నీటిని ఆపుతుంది, చువ్వల బలంతో కాదు. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం వచ్చింది. తర్వాత దాచేపల్లి చుట్టూ కూడా సిమెంటు మిల్లులు లేచాయి. మిద్దెల స్థానంలో శ్లాబులు వచ్చాయి, శ్లాబుతోపాటు ఇనుప చువ్వా వచ్చింది.

సిమెంటులోని సున్నం వల్ల కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12.5 దాటుతుంది. ఆ క్షారంలో ఇనుము మీద సన్నని రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. ఉప్పు లోపలికి చేరితే, లేదా గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్షారాన్ని తగ్గిస్తే ఆ పొర పోతుంది. చువ్వ కింద కవర్ బిళ్ల పెట్టాల్సిన చోట కంకర ముక్కతో సరిపెట్టడం మామూలే. అలాంటి చోట చువ్వ కింద కాంక్రీటు మందం చాలక ఆ పొర త్వరగా పోతుంది. తుప్పు ఉబ్బి శ్లాబు పెచ్చులూడుతుంది. చీరాల, ఓడరేవు తీరంలో ఉప్పుగాలికి ఇది మరీ ఎక్కువ.

మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తర అమెరికాలో వంతెనలు ఇలాగే పాడయ్యాయి. దానికి విరుగుడుగా 1980ల నాటికి గాజుపీచును రెజిన్‌లో ముంచి లాగిన కడ్డీలు బజారులోకి వచ్చాయి. వీటి బరువు ఇనుములో నాలుగో వంతు, తుప్పు లేదు. అయితే ఇనుమును కాపాడే క్షారమే గాజును తినేస్తుంది. అడ్డుగా ఉండేది రెజిన్ ఒక్కటే. తొలినాటి పాలిస్టర్ నిలవకపోవడంతో వినైల్ ఎస్టర్‌కు మారారు.

60 డిగ్రీల క్షార ద్రావణంలో నానబెట్టిన పరీక్షల్లో కడ్డీల బలం బాగా తగ్గింది. కెనడాలో 5 నుంచి 8 ఏళ్లు వాడుకలో ఉన్న అయిదు కట్టడాల నుంచి 2004లో కోసి తీసిన ముక్కల్లో మాత్రం గాజు చెడలేదు. గట్టిపడ్డ కాంక్రీటులో క్షారం ద్రావణంలోలా కదలదు మరి. ఈ ఫలితం ధైర్యమిచ్చేదే. అయినా అది చలిదేశపు సాక్ష్యం, అదీ ఎనిమిదేళ్లలోపుది. రసాయన చర్యను వేగం చేసేది వేడి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పక్కన దాన్ని యథాతథంగా నమ్మడం తొందరపాటే.

అమెరికన్ కాంక్రీట్ సంస్థ 2001 నాటి మార్గదర్శకాలు కూడా నేలకు, వానకు తగిలే గాజుపీచు కడ్డీ బలంలో 0.7 వంతునే లెక్కలోకి తీసుకోమన్నాయి. మన దగ్గర ఈ కడ్డీలకు 2022లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు, 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం వచ్చాయి.

ఈ కడ్డీ ఇనుములా సాగదు, తెగేముందు హెచ్చరించదు. పనిచోట బల్ల మీద వంచబోతే విరుగుతుంది. రింగులు కర్మాగారంలోనే వంపు తిరిగి రావాలి, ఆ వంపు దగ్గర బలం తిన్నని కడ్డీ కంటే తక్కువే.