తంగేడు పెంపకం

తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందిన గుబురు పొద. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత గ్రంథాల్లో కాసియా ఆరిక్యులేటాగా కనిపిస్తుంది. భారతదేశం, శ్రీలంక దీని సహజ ఆవాసాలు. చల్క నేలల్లో, మొరం దిబ్బల మీద, బాటల పక్కన ఎవరూ విత్తకుండానే మొలిచి, ఒకటి నుంచి మూడు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకు మొదట్లో చెవుల్లా విచ్చుకున్న వెడల్పాటి పత్రపుచ్ఛాలను బట్టి పూలు లేనప్పుడు కూడా దీన్ని గుర్తుపట్టవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. గునుగుతో పాటు బతుకమ్మ పేర్పులో దీనిదే ప్రధాన స్థానం. ఇంత మొండి మొక్క కూడా పెరట్లో తరచుగా నిలవదు. గులాబీకో మల్లెకో చేసినట్టు రోజూ నీళ్లు, నెలనెలా ఎరువు వేయడమే అందుకు ముఖ్య కారణం. తంగేడు పెంపకంలో అసలు నేర్పంతా ఏ సేవ ఎప్పుడు మానుకోవాలో తెలియడంలో ఉంది.

ఆ నేర్పు విత్తనంతోనే మొదలవుతుంది. పలుచని, బల్లపరుపు కాయలో అడ్డంగా వరుసతీరిన గింజలకు పెంకు చాలా గట్టిది. దాంతో వేసిన గింజలన్నీ ఒకేసారి మొలవవు. పెంకును గరుకు కాగితం మీద కాస్త రుద్ది గానీ, వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి గానీ తొలకరికి విత్తాలి. మొలక పైకి కనిపించినంత చిన్నది కాదు. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది. పెరిగిన మొక్కను పెకిలించి తెస్తే ఆ వేరు తెగుతుంది, మొక్క వాడిపోతుంది. అందుకే నాటదలచిన చోటే గింజ వేయడం, లేదా సంచిలో పెంచి లేతగా ఉన్నప్పుడే నాటడం మేలు. రోజంతా ఎండ తగలాలి. నల్లరేగడిలోనైతే నీరు నిలవకుండా మట్టిని ఎత్తు చేసి నాటాలి. మొదటి ఏడాది వానలు వెనుకబడినప్పుడూ, ఆ తరువాతి ఎండాకాలంలోనూ నీళ్లు తప్పనిసరి. ఎండకు తట్టుకునేది వేరు దిగిన పొదే గాని మొలక కాదు. వేరు పట్టుకున్నాక, కొమ్మలు వడలినప్పుడు ఒక్క తడి ఇస్తే చాలు.

చిక్కుడు జాతి మొక్క గనుక నత్రజనిని తానే సమకూర్చుకుంటుందని కొందరంటారు. ఈ వాదన నిలవదు: సెన్నా ప్రజాతి మొక్కల వేళ్లకు సాధారణంగా నత్రజని బుడిపెలు ఏర్పడవు. అలాంటప్పుడు ఎరువు వేయాలి కదా అనే ప్రశ్న సహజం. అయితే సారం లేని మొరం దిబ్బల మీదే ఇది నిండుగా పూస్తోంది. నత్రజని ఎక్కువైతే కొమ్మలు ఏపుగా సాగి, పూత తగ్గుతుంది. నాటేటప్పుడు గుంటలో కాస్త పశువుల ఎరువు వేసి, ఆ తరువాత రాలిన ఆకును ఊడ్చేయకుండా మొక్క మొదట్లోనే వదిలేస్తే సరిపోతుంది.

పొద చిందరవందరగా పెరుగుతుందన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. దానికి మందు కత్తిరింపు. తోళ్లు ఊనడానికి బెరడు కోసం, పొలానికి పచ్చిరొట్ట కోసం తంగేడును తరతరాలుగా నరుకుతూనే వచ్చారు. మోడు మళ్లీ చిగురించింది. పూలు కొత్త కొమ్మల చివర వస్తాయి గనుక కత్తెర వేయాల్సిన కాలం వేసవి చివర, తొలకరికి ముందు. శ్రావణంలో కత్తిరిస్తే బతుకమ్మ నాటికి పూలుండవు. పండుగకు కోసుకునే కొమ్మలే తేలికపాటి కత్తిరింపుగా పనికొస్తాయి; విత్తనానికి కొన్ని కాయలు మాత్రం వదలాలి.

ఆకులను పురుగు తింటోందని మందు కొట్టడం మరో తప్పు. పశువులు సాధారణంగా ముట్టని ఈ ఆకు వలస సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు ఆహారం. వేరు దిగిన పొద ఆ నష్టాన్ని పూడ్చుకుంటుంది. పైగా కాయ పట్టాలంటే కీటకం కావాలి. ఈ పువ్వులో పది కేసరాలు, వాటిలో పైవి మూడూ గొడ్డువి. మిగిలినవాటి పుప్పొడి తిత్తులు నిలువునా చీలవు. కొసన ఉన్న సన్నని రంధ్రాల గుండానే పుప్పొడి బయటికి రావాలి. నల్ల తుమ్మెద కేసరాలను కాళ్లతో కరుచుకుని ఒళ్లంతా అదరగొడితే పుప్పొడి చిమ్ముతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెదను చంపే మందు కొట్టినవారికి పూలుండవచ్చు గాని వచ్చే ఏటి విత్తనం ఉండదు.

బయళ్లలో ఉచితంగా దొరికేదాన్ని పెరట్లో పెంచడమెందుకనే వాదన నగరం అంచున చెల్లదు. తంగేడు నేల బంజరు లెక్కలోకి వస్తుంది; ప్లాట్లు వేసేటప్పుడు ముందుగా చదును చేసేది ఆ నేలనే. పచ్చని పూల కోసం సెన్నా స్పెక్టాబిలిస్ వంటి విదేశీ చెట్టు నాటడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది వయనాడు అడవుల్లో చొరబడి స్థానిక మొక్కలను అణచివేసింది. తంగేడుకు ఉన్న నిజమైన పరిమితి ఒక్కటే: తల్లివేరు లోతు వల్ల చిన్న కుండీలో ఇది రాణించదు. బాల్కనీ మాత్రమే ఉన్నవారు అపార్టుమెంటు ప్రహరీ వెంట ఎండ పడే జాగా వెతకడం మంచిది. పక్కపక్క పొదల మధ్య మీటరున్నర ఎడం ఉంచితే అవే కంచెగా అల్లుకుంటాయి.