బంగాళాఖాతంలో గీసిన గీతలు

1970 నవంబరులో భోలా తుఫాను తూర్పు పాకిస్తాన్ మీద విరుచుకుపడి లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత కొద్దికాలానికే, సుందరబనాల అంచున హరియాభంగా నది మొగకి ఎదురుగా సముద్రంలో ఒక ఇసుక తిప్ప బయటపడింది. గోదావరి వాళ్లయితే దాన్ని లంక అనడానికి కూడా ఒప్పుకోరేమో. కాపురం ఉన్న మనిషి లేడు. సముద్రమట్టానికి రెండు మీటర్లకు మించి లేచిందీ లేదు. పేర్లు మాత్రం మూడు. ఢిల్లీ న్యూ మూర్ అంది, బెంగాల్‌లో పూర్వాశ అన్నారు, బంగ్లాదేశ్ దక్షిణ తల్‌పట్టి అని పిలుచుకుంది. 1981లో మన నౌకాదళం ఓడ వెళ్లి అక్కడ జెండా పాతింది. బంగ్లాదేశ్ గన్‌బోట్లు పంపింది.

పోటు వస్తే సగం మునిగే ఇసుక కోసం ఇంత రభస ఎందుకు? తిప్ప ఎవరిదైతే నది మొగ దగ్గర సరిహద్దు వాళ్లకి అనుకూలంగా జరుగుతుంది. అక్కడ గీత కాస్త అటో ఇటో జరిగితే మూడొందల కిలోమీటర్ల అవతల వేల చదరపు కిలోమీటర్ల సముద్రం చేతులు మారుతుంది. ఆ సముద్రం అడుగున గంగా బ్రహ్మపుత్రలు లక్షల ఏళ్లుగా తెచ్చి పోసిన కిలోమీటర్ల మందం ఒండ్రు ఉంది. ఇంత ఒండ్రు ఉన్నచోట గ్యాసు మీద ఆశ పుట్టడం సహజం. మన కృష్ణా గోదావరి బేసిన్ కథా ఇదే. 2002లో కాకినాడకి ఎదురుగా లోతు నీళ్లలో గ్యాసు దొరికినప్పుడు అది ఏ దేశానిదన్న ప్రశ్నే రాలేదు. ఎదురుగా ఉన్నది అండమాన్, అదీ మనదే. తెలుగు తీరంలో పెరిగినవాళ్లకి సముద్రంలో గట్టు తగాదాలుంటాయన్న ఊహ అంత తొందరగా రాదు.

బంగ్లాదేశ్‌కి ఆ అదృష్టం లేదు. పటం తీసి చూడండి. ఖాతం చివర, లోపలికి నొక్కుకుపోయిన మూలలో ఉంటుంది. ఇటు మనం, అటు బర్మా. రెండు తీరాలకీ సమాన దూరంలో గీత గీయాలన్నది మామూలు పద్ధతి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ తీరం లోపలికి వంగి ఉంటే, రెండు వైపుల నుంచీ వచ్చే గీతలు దగ్గరికి జరుగుతూ పోయి నడుమనున్న దేశం ముందు కలిసిపోతాయి. సందు చివర ఇంటికి రెండు పక్కల వాళ్లూ ప్రహరీలు పొడిగించుకుంటూ వచ్చి గుమ్మం మూసేసినట్టు. 200 నాటికల్ మైళ్ల హక్కు కాగితం మీద ఉంటుంది, అక్కడిదాకా పోవడానికి దారి ఉండదు. ఉత్తర సముద్రంలో డెన్మార్క్, నెదర్లాండ్స్ నడుమ చిక్కుకున్న పశ్చిమ జర్మనీదీ ఇదే గోడు. సమదూరం తప్పనిసరి సూత్రమేమీ కాదని 1969లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది.

బంగ్లాదేశ్ 1974లోనే సముద్ర హద్దుల చట్టం చేసుకుని, ఆరు విదేశీ కంపెనీలకి బ్లాకులిచ్చింది. మనం అభ్యంతరం చెప్పాం. ఆ దశాబ్దం ముగిసేలోపే కంపెనీలు మూటాముల్లే సర్దుకున్నాయి. మిగిలింది కుతుబ్‌దియా దగ్గర కనిపెట్టిన చిన్న గ్యాసు నిక్షేపం ఒక్కటే.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది 2005. అంతకు ముందు ఏడాదే బర్మా రఖైన్ తీరంలో కొరియా కంపెనీ దేవూకి ష్వే అనే పెద్ద గ్యాసు క్షేత్రం దొరికింది. అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కీ గెయిల్‌కీ వాటాలున్నాయి. ఆ గ్యాసుని బంగ్లాదేశ్ మీదుగా గొట్టంలో భారత్‌కి తేవాలని 2005 జనవరిలో మూడు దేశాల మంత్రులు యాంగూన్‌లో కూర్చుని ఒక అంగీకారానికి వచ్చారు. అప్పుడు మన పెట్రోలియం మంత్రి మణిశంకర్ అయ్యర్. నేపాల్, భూటాన్‌లతో వ్యాపారానికీ కరెంటుకీ మీ భూమి మీదుగా దారివ్వండి అని ఢాకా అడిగింది. ఢిల్లీ నాన్చింది. చూసీ చూసీ బర్మా ఆ గ్యాసుని చైనాకి అమ్మేసింది. 2013 నుంచి అది చ్యావ్‌ప్యూ నుంచి కున్‌మింగ్ వైపు పోతోంది. మన ప్రభుత్వ సంస్థలకి అందులో డబ్బొస్తుంది లెండి. గ్యాసు మాత్రం రాదు.

2008 నవంబరులో దేవూ మళ్లీ వచ్చింది. ఈసారి సెయింట్ మార్టిన్ దీవికి దక్షిణంగా, బంగ్లాదేశ్ మాదంటున్న నీళ్లలోకి. వెంట బర్మా యుద్ధ నౌకలున్నాయి. బంగ్లాదేశ్ తన ఓడల్ని పంపింది. కొన్ని రోజులు ఎదురెదురుగా నిలబడ్డాక రిగ్గు వెనక్కి తగ్గింది. అదే ఏడాది బంగ్లాదేశ్ 28 సముద్రపు బ్లాకుల్ని వేలానికి పెడితే భారత్, బర్మా రెండూ అడ్డుచెప్పాయి. అటు ముప్పై నాలుగేళ్లు మాట్లాడుకున్నారు, తేలలేదు. 2009 అక్టోబరు 8న ఢాకా ఇద్దరు పొరుగువాళ్ల మీదా ఒకేరోజు కేసులు వేసింది.

బర్మా కేసు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి వెళ్లింది. ఆ కోర్టు సముద్ర సరిహద్దు తేల్చడం అదే మొదటిసారి. 2012 మార్చి 14న తీర్పొచ్చింది. బంగ్లాదేశ్ గుమ్మం తెరుచుకుంది. అక్కడ దాన్ని సముద్ర విజయం అని పండగ చేసుకున్నారు, ఒక యుద్ధ నౌకకి ఆ పేరే పెట్టుకున్నారు. ఆ బెంచి మీద మన పాటిబండ్ల చంద్రశేఖరరావు కూడా ఉన్నారు. 1999 నుంచి 2002 దాకా ఆ కోర్టుకి అధ్యక్షుడు ఆయనే.

మన మీద వేసిన కేసు ఇంకా ఆసక్తికరం. 1947లో రాడ్‌క్లిఫ్ గీత ఇక్కడ నదుల ప్రధాన పాయ నడిమధ్యగా పోతుంది. 'ప్రస్తుతానికి' ప్రధానమైన పాయ అని ఆయన రాశాడు. డెల్టాలో పాయలు ఊరికే ఉంటాయా? ఏ 'ప్రస్తుతం' అన్నది అరవై ఏళ్ల తర్వాత లాయర్ల పాలయింది. 1947 నాటి పరిస్థితే లెక్క అని ట్రైబ్యునల్ తేల్చి, పాత బ్రిటిష్ నౌకాదళ పటాలు తిరగేసింది. 2013 అక్టోబరులో జడ్జీలు స్వయంగా వెళ్లి ఆ మొగ చూసొచ్చారు. అప్పటికి తిప్ప కథ ముగిసింది. అది పూర్తిగా మునిగిపోయిందని 2010లోనే జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్రవేత్త సుగత హజ్రా ప్రకటించారు.

2014 జులై 7 తీర్పులో వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి వెళ్లాయి. తిప్ప ఒకప్పుడున్న చోటు మనకి మిగిలింది. గీతని సమదూరం నుంచి తప్పించి 177 డిగ్రీల 30 నిమిషాల కోణంలో, ఇంచుమించు నేరుగా దక్షిణానికి తిప్పారు. బంగ్లాదేశ్ అడిగింది 180. ఐదుగురు సభ్యుల్లో భారత్ నియమించినాయన పెమ్మరాజు శ్రీనివాసరావు, ఆయనా తెలుగువారే. ఆ కోణంతోనూ, దానివల్ల పుట్టిన 'బూడిదరంగు ప్రాంతం'తోనూ ఆయన విభేదించారు. గీత అలా తిప్పడం వల్ల ఒక ముక్కలో అడుగునున్న నేల బంగ్లాదేశ్‌ది, పైనున్న నీళ్లు మనవి అయ్యాయి. గ్యాసు వాళ్లది, చేప మనది అన్నమాట. ఒకే సముద్రాన్ని అంతస్తులుగా పంచడం రేపటి తగాదాకి విత్తనమేనన్న అనుమానం నాకూ ఉంది. అయినా నేను మెజారిటీ వైపే. తీరం వంకరగా ఉండడం ఎవరి తప్పూ కాదు. ఆ వంకరకి పదిహేను కోట్ల మందికి జరిమానా వేయడం కన్నా కొలబద్దని కాస్త పక్కకి తిప్పడమే న్యాయం. ఢిల్లీ కూడా పేచీ పెట్టకుండా ఒప్పుకుంది. రెండేళ్ల తర్వాత దక్షిణ చైనా సముద్రం తీర్పుని చైనా చెత్తబుట్టలో వేసినప్పుడు ఆ ఒప్పుకోలు విలువ ఇంకా బాగా తెలిసింది.

మరి గ్యాసు? బంగ్లాదేశ్‌కి సముద్రంలో ఉన్న ఒకే ఒక్క ఉత్పత్తి క్షేత్రం సంగూ 2013లోనే మూతపడింది. కొనోకోఫిలిప్స్ వచ్చి, ధర పెంచమని అడిగి వెళ్లిపోయింది. దేవూ వారసులూ వచ్చి వెళ్లారు. మన ఓఎన్‌జీసీ విదేశ్ 2021లో మహేశ్‌ఖాలీ దగ్గర కాంచన్ అనే బావి తవ్వింది. ఏమీ పడలేదు. 2018 నుంచి కతార్ లాంటి చోట్ల కొన్న ద్రవ గ్యాసు ఓడల్లో అదే మహేశ్‌ఖాలీకి వస్తోంది. 2024 మార్చిలో 24 బ్లాకులకి మళ్లీ టెండర్లు పిలిచారు, గడువు డిసెంబరు 9 దాకా పొడిగించారు. ఏడు కంపెనీలు పత్రాలు కొనుక్కున్నాయి. ఒక్కటీ బిడ్ వేయలేదు.