పొదిలి-దర్శి-కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్

పొదిలి-దర్శి-కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్ అనేది భూగర్భజలాలలో ఫ్లోరైడు అధికంగా ఉండటం వలన ఆంధ్రప్రదేశ్ లోని ఈ మెట్ట ప్రాంతంలో తరతరాలుగా ఉన్న ఆరోగ్య సమస్య. భారతదేశంలో మానవులలో ఈ వ్యాధిని మొట్టమొదట శాస్త్రీయంగా గుర్తించినది ఇక్కడే. దీని నివారణకు దేశీయ సంస్థలతో పాటు పలు అంతర్జాతీయ సంస్థలు కూడా కృషి చేశాయి.

చరిత్ర

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ కు చెందిన హెచ్.ఇ.షార్ట్, ఆయన సహచరులు ఈ ప్రాంతపు గ్రామాలలోని రోగులను పరిశీలించి పరిశోధన పత్రాలు ప్రచురించారు. నడుము వంగిపోవడం, కీళ్ళు బిగుసుకుపోవడం వంటి లక్షణాలకు కారణం బావినీటిలోని ఫ్లోరైడు అని వారు నిరూపించారు. అప్పటికి ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో ఇవి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

కారణాలు, లక్షణాలు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు ఉన్న నల్లరేగడి మైదానాలలోను, పడమటి మెట్టభూములలోను పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. పడమటి మెట్టలో భూమి అడుగున ఉన్న గట్టిరాళ్ళలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నెమ్మదిగా నీటిలో కరుగుతుంది. కాల్షియం తక్కువగాను, బైకార్బొనేటు ఎక్కువగాను ఉన్న నీటిలో అది మరింతగా కరుగుతుంది. వర్షాభావం వలన నీరు రాళ్ళలో ఎక్కువకాలం నిలిచిపోవడం కూడా ఇందుకు తోడ్పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు వాంఛనీయం. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. పళ్ళు ఏర్పడే వయసులో పిల్లలు ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీరు తాగితే వారి పళ్ళపై గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు దెబ్బతింటాయి. ముదిరిన ఎముకల వ్యాధిని పూర్తిగా నయం చేసే చికిత్స లేదు, కనుక నివారణే మార్గం. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది.

చేతిపంపులు

1970లలో యునిసెఫ్ సహకారంతో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు దేశమంతటా వ్యాపించింది. తెలుగు పల్లెలలో దీనిని "బోరింగు" అంటారు. ఐక్యరాజ్యసమితి 1981-1990 కాలాన్ని అంతర్జాతీయ తాగునీటి, పారిశుద్ధ్య దశాబ్దంగా ప్రకటించింది. తెరిచి ఉన్న బావులు, గుంటల నీటికి బదులు రక్షిత వనరులు రావడం నారికురుపు నిర్మూలనకు ఎంతో ఉపకరించింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశం ఈ వ్యాధి నుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయితే క్రిములు లేని బోరు నీటిలో కూడా ఫ్లోరైడు ఉండవచ్చు. కంటికి తేటగా కనిపించే నీరంతా సురక్షితం కాదని ఈ ప్రాంతపు అనుభవం చెబుతుంది.

ఫ్లోరైడు తొలగించే పద్ధతులు

నాగపూర్ లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) "నల్గొండ పద్ధతి"ని రూపొందించింది. ఇందులో నీటికి పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి, తేర్చి, వడపోస్తారు. తెలుగునాట పేరు పెట్టుకున్న ఈ పద్ధతిని టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాలలో కూడా ప్రయోగించారు. పటిక ఎక్కువగా అవసరం కావడం, రోజూ మడ్డిని తొలగించవలసి రావడం దీనిలోని లోపాలు.

యునిసెఫ్ ప్రోత్సహించిన ఉత్తేజిత అల్యూమినా గృహ వడపోత పరికరాలలో కొంతకాలానికి అల్యూమినా శక్తి తగ్గిపోతుంది. దానిని రసాయనాలతో పునరుద్ధరించాలి. తరువాత వచ్చిన ఆర్.ఓ. ప్లాంట్లు ఫ్లోరైడును బాగా తొలగిస్తాయి కాని, కొంత నీటిని వృథాగా బయటికి వదులుతాయి. పరికరం ఏదైనా, నిర్వహణ ఆగిపోతే గ్రామస్థులు మళ్ళీ పాత బోరునే ఆశ్రయించవలసి వస్తుంది.

నదీజలాలు, భూగర్భజల నిర్వహణ

ఫ్లోరైడు తక్కువగా ఉండే నదీజలాలను అందించడం మరింత స్థిరమైన పరిష్కారంగా పరిగణించబడుతుంది. 1967లో కాలువలకు నీరు విడుదలైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కుడికాలువ గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు ఆధారమైంది. కాలువ కట్టివేసే నెలల కోసం వేసవి చెరువులలో నీటిని నిల్వచేసి, వడపోసి పంపిణీ చేస్తారు. కాలువకు దూరంగా ఉన్న ప్రాంతాలకు శ్రీశైలం జలాశయం నుండి నీరు తేవడం వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశాలలో ఒకటి.

నెదర్లాండ్స్ నిధులతో, ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) తోడ్పాటుతో 2000ల దశకంలో ప్రకాశంతో సహా ఏడు జిల్లాలలో భూగర్భజల నిర్వహణ పథకం నడిచింది. ఇందులో రైతులే వర్షపాతాన్ని, బావులలో నీటిమట్టాన్ని కొలిచి, అందుబాటులో ఉన్న నీటిని బట్టి పంటలను ఎంచుకోవడం నేర్చుకున్నారు. 2009లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా, పారిశుద్ధ్య ప్రాజెక్టుకు 15 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. 2019 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గ్రామీణులకు ఇంటి కుళాయి ద్వారా తలసరి రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టుకుంది. పైపులు వేసిన తరువాత కూడా నీటి నాణ్యతను క్రమం తప్పక పరీక్షించడం ఈ ప్రాంతంలో తప్పనిసరి అవసరం.