సంగీత సమన్విత క్రిస్మస్ దీపాలంకరణ

ఇంటి బయట అమర్చిన వేలాది విద్యుద్దీపాలను ఒక పాట స్వరానికీ తాళానికీ సరిపోయేలా కంప్యూటర్‌తో వెలిగించి ఆర్పే కళ ఇది. అమెరికా శివారు కాలనీల్లో ఇంటి అభిరుచిగా పెరిగింది. నవంబరులో థాంక్స్‌గివింగ్ దాటాక మొదలై, క్రిస్మస్ రోజుల్లో సాయంత్రం వేళ ప్రదర్శనలు సాగుతాయి. చూడవచ్చినవారు ఇంటి ముందు కారు ఆపుకుని, కారు రేడియోలోనే పాట వింటారు. దీపాలు పాటను విని వాటంతట అవి స్పందిస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ క్షణాన ఏ దీపం ఎంత కాంతితో వెలగాలో పాటను పదేపదే విన్న మనిషి ముందే నిర్ణయించి రాసిపెడతాడు. ఈ కళకు ప్రాణం ఆ రాతే.

పూర్వరంగం

క్రిస్మస్ చెట్టుకు విద్యుద్దీపాలు కట్టిన తొలి వ్యక్తిగా థామస్ ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ హెచ్. జాన్సన్ పేరు చెబుతారు. 1882 డిసెంబరులో న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల 80 బల్బులతో ఆయన చెట్టును అలంకరించాడు. చెట్టు గుండ్రంగా తిరిగేది. తిరిగేకొద్దీ దీపాలు ఆరుతూ వెలిగేవి. దీపాలకు కదలిక తేవాలన్న కోరిక అలా మొదటి చెట్టులోనే కనిపిస్తుంది. మనం సీరియల్ సెట్లు అని పిలిచే దీపాల దండలను 1903 నాటికి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ సిద్ధంగా తయారుచేసి అమ్మింది.

తరువాత వచ్చిన మిణుకు బల్బులో రెండు లోహాల సన్నని పట్టీ ఉంటుంది. అది వేడెక్కి వంగితే దండంతా ఆరిపోతుంది, చల్లారితే మళ్లీ వెలుగుతుంది. ఈ మిణుకుకు వేళాపాళా లేదు. 1960, 70 దశకాల్లో ప్రచారంలోకి వచ్చిన ‘కలర్ ఆర్గాన్’ సర్క్యూట్లు శబ్దాన్ని మంద్ర, మధ్య, తార స్థాయులుగా విడదీసి ఒక్కో రంగు బల్బుకు పంపేవి. శబ్దం పెరిగితే వెలుగు పెరిగేది. రాబోయే చరణం గురించి మాత్రం వాటికేమీ తెలియదు.

నియంత్రణ సాధనాలు

1975లో స్కాట్లాండ్‌లో పికో ఎలక్ట్రానిక్స్ రూపొందించిన ఎక్స్10 పద్ధతి ఇంటి కరెంటు తీగల మీదుగానే ఆదేశాలు పంపింది. అయితే ఒక్క ఆదేశం చేరడానికి దాదాపు సెకను పట్టేది. వరండా దీపానికి అది చాలు, తాళానికి చాలదు. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ రూపొందించిన డీఎంఎక్స్512 ప్రమాణం ఒకే కేబులు మీద 512 ఛానళ్లను నడిపింది. ఛానల్ అంటే విడిగా నియంత్రించగల ఒక దీపాల వరుస. నాటకశాలల కోసం పుట్టిన ఈ పద్ధతి తరువాత ఇంటి ముంగిళ్లకు చేరింది.

బల్బులను వెలిగించి ఆర్పే పని ట్రయాక్ అనే అర్ధవాహకం చేస్తుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ విద్యుత్తు సెకనుకు 120 సార్లు సున్నాను దాటుతుంది. దాటిన ప్రతిసారీ ట్రయాక్‌ను ఎంత ఆలస్యంగా తెరిస్తే కాంతి అంత తగ్గుతుంది. రిలేల మాదిరి టకటక చప్పుడు ఉండదు. 2000 దశకంలో లైట్-ఓ-రామా వంటి సంస్థలు ఇలాంటి 16 ఛానళ్ల పెట్టెలను ఇంటివారికి అందుబాటులోకి తెచ్చాయి.

2005 మలుపు

ఒహాయో రాష్ట్రం మేసన్ పట్టణంలో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు తన ఇంటి మీద 16,000 దీపాలను 88 ఛానళ్లుగా విభజించాడు. ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రా వాద్యగీతం ‘విజార్డ్స్ ఇన్ వింటర్’కు వాటిని జతచేశాడు. ఆ వీడియో 2005లో ఇంటర్నెట్‌లో దేశదేశాలకు పాకి, అదే ఏడాది ఒక టీవీ ప్రకటనలోనూ కనిపించింది. అప్పటిదాకా కొద్దిమంది ఇంజనీర్ల వ్యాపకంగా ఉన్నది ఆ శీతాకాలంతో వేలాది ఇళ్ల కల అయింది. 2013లో ఏబీసీ టీవీ ‘ది గ్రేట్ క్రిస్మస్ లైట్ ఫైట్’ పోటీ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

రూపకల్పన

పాటకు రాసే కాంతి లిపిని సీక్వెన్స్ అంటారు. విక్సెన్, ఎక్స్‌లైట్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో అడ్డంగా కాలం, నిలువుగా ఛానళ్లు ఉంటాయి. కాలాన్ని సాధారణంగా సెకనులో 20వ వంతు లేదా 40వ వంతు ముక్కలుగా కోస్తారు. సెకనుకు 20 ముక్కల లెక్కన మూడు నిమిషాల పాటకు 3,600 గడులు. 88 ఛానళ్లకు 3,16,800 గడులు. ఒకే రకం మార్పును అనేక గడులకు ఒక్కసారే పూయవచ్చు. అయినా ఒక పాటకు కొన్ని రోజులు, వారాలు పట్టడం మామూలే. అందుకే డిసెంబరు ప్రదర్శనకు వేసవిలోనే పని మొదలుపెట్టేవారున్నారు.

పిక్సెల్ యుగం

ఎల్‌ఈడీలు కరెంటు ఖర్చును బాగా తగ్గించాయి. డబ్ల్యూఎస్2811 వంటి చిప్‌లు ఇంకో అడుగు ముందుకు వేసి ప్రతి బల్బుకూ విడి రంగు ఇచ్చాయి. పంక్తి భోజనంలో తన వంతు వడ్డించుకుని గిన్నె పక్కవారికి అందించినట్టు, ఒక్కో చిప్ తనకు చెందిన 24 బిట్లను తీసుకుని మిగతా సమాచారాన్ని ముందుకు పంపుతుంది. ఒక్కో బల్బుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానళ్లు కావాలి కాబట్టి 512 ఛానళ్లు 170 బల్బులకే సరిపోతాయి. అందువల్ల డీఎంఎక్స్ సమాచారాన్ని నెట్‌వర్క్ మీదుగా పంపే ఇ1.31 ప్రమాణం వాడుకలోకి వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్లే ఇప్పుడు ప్రదర్శనను నడుపుతున్నాయి. పొడవైన దండ చివర వోల్టేజి తగ్గి తెలుపు రంగు ఎర్రబారుతుంది; దాన్ని సరిచేయడానికి మధ్యమధ్యలో విడిగా కరెంటు అందిస్తారు.

ఇరుగుపొరుగు

ఈ కళకు పొరుగువారి సహనం కూడా పెట్టుబడే. పాటకు ముడిపడని రోజుల్లోనే ఆ సంగతి తేలింది. ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో జెన్నింగ్స్ ఆస్బోర్న్ 1986లో కూతురి కోరిక మీద వెయ్యి దీపాలతో మొదలుపెట్టిన అలంకరణ 30 లక్షలకు పెరిగింది. రద్దీ భరించలేక పొరుగువారు వేసిన దావా రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో ఆ దీపాలు ఫ్లోరిడాలోని డిస్నీ స్టూడియోకు తరలాయి. 2006లో అక్కడ వాటికి సంగీతం తోడైంది. మేసన్ ఇంటి ప్రదర్శన కూడా 2005 డిసెంబరులో వాహనాల రద్దీ వల్లే ఆగింది.

కనీసం శబ్దం బెడద లేకుండా చేయడానికి లౌడ్‌స్పీకర్ల బదులు చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వాడతారు. లైసెన్సు లేని ఇలాంటి ప్రసారాల శక్తికి అమెరికా నియమాలు కఠినమైన హద్దు పెట్టాయి. ఆ సంకేతం సుమారు 200 అడుగులు దాటదు. రాత్రి ఒక వేళకు దీపాలు ఆర్పేయడం, వచ్చినవారి నుంచి పేదల కోసం ఆహారపు డబ్బాలు సేకరించడం మంచి సంప్రదాయాలుగా స్థిరపడ్డాయి.

నేటి సాఫ్ట్‌వేర్లు తాళం దెబ్బలను తామే గుర్తించి గీతలు గీసి ఇవ్వగలవు. కానీ పాట ఉప్పొంగబోయే ముందు ఇల్లంతా ఎక్కడ చీకటి కావాలో, ఆ చీకటి ఎంతసేపు ఉండాలో ఇప్పటికీ పాట విన్న మనిషే నిర్ణయిస్తున్నాడు.