ఒకే మందు – రెండు ఫలములు



మాది గుంటూరు సీమలోని ప్రత్తిపాడు. నల్లరేగడిలో మిరప పండించిన పెద్దలకు నేను క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. చేను ఒకటే, విత్తనము ఒకటే, వాన ఒకటే. తెగులు తగిలినప్పుడు ఒక మొక్క ముడుచుకొనిపోవును, ప్రక్కమొక్క నిలిచి కాయును. మనుష్యదేహములలోను ఇట్టి భేదము కలదని వైద్యులు తెలిసికొనిన చరిత్రను నేడు మనవి చేసెదను.

కొన్నియేండ్ల క్రిందట మా వైపు రైతులిద్దరకు ఒకే కాలేయవ్యాధి సోకెను. ఇద్దరును ఒకే సూదిమందును ఒకే కాలము పుచ్చుకొనిరి. ఒకరికి నయమయ్యెను, రెండవవారికి కాలేదు. పథ్యము తప్పినాడని కొందరు, చాటుగా త్రాగినాడని కొందరు ఆయనను నిందించిరి. అట్లన్నవారిలో నేనును ఒకడను.

ఆ వ్యాధి పేరు హెపటైటిస్ సి. అప్పటికి తెలిసిన ఏ, బి వైరసులు కారణము కాని కాలేయవ్యాధి యొకటి రక్తమెక్కించుకొనినవారికి వచ్చుచున్నదని 1970 తరువాతి యేండ్లలో అమెరికాలో హార్వే ఆల్టర్ చూపెను. 1989లో మైకేల్ హౌటన్ సహచరులతో గూడి ఆ వైరసును గుర్తించెను. అది యొక్కటియే వ్యాధిని కలిగింపగలదని చార్లెస్ రైస్ నిరూపించెను. ఈ మువ్వురకును 2020లో నోబెల్ బహుమానము లభించినది. ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడుటచేతను, పరీక్షింపని రక్తము నెక్కించుటచేతను ఇది వ్యాపించును. కామెర్లు పైకి కనబడకయే ఇరువది ముప్పది యేండ్లు లోలోపల కాలేయమును చెరచును.

దీనికి చిరకాలము వాడిన మందు ఇంటర్‌ఫెరాన్. వైరసు సోకిన కణము ప్రక్కకణములకు పంపు హెచ్చరిక వంటి ఈ పదార్థమును 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మన్ అనువారు కనుగొనిరి. దానిని సూదిమందుగా, రిబవిరిన్ మాత్రలతో గూర్చి, 24 గాని 48 గాని వారములు ఇచ్చుచుండిరి. జ్వరము, నీరసము, దిగులు రోగిని పీడించెడివి. ఇంత ఓర్చినను ఒకటవ రకపు వైరసు గలవారిలో సుమారు సగముమందికే గుణము కనబడెను. మనదేశమున హెచ్చుగానున్న మూడవ రకము కొంత సులభముగా లొంగెడిది. అయితే ఒకే రకపు వైరసు గలవారిలో ఫలము వేరగుటేల?

2009లో ఉత్తరము దొరకెను. జన్యువులనగా తల్లిదండ్రులనుండి మనకు సంక్రమించు దేహపు వ్రాత. అమెరికాలో వేయిమందికి పైగా రోగుల జన్యువులను పరీక్షింపగా, 19వ క్రోమోసోముపై ఐఎల్28బి అను జన్యువు చెంత ఒక్క అక్షరపు భేదము కానవచ్చెను. అచ్చట తల్లివైపునను తండ్రివైపునను మేలైన అక్షరమే వచ్చినవారికి, అది లేనివారికంటె రమారమి రెండురెట్లు గుణము కలిగెను. అదే యేట జపాను, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులును ఆ చోటినే చూపిరి. 2012లో హైదరాబాదునందలి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఆంధ్రప్రదేశ్ జనులలో ఈ భేదమును పరిశీలించి ప్రకటించిరి. మేలైన అక్షరమే మనలో హెచ్చు. కాని అందరికిని అది లేదు.

పథ్యము తప్పకున్నను మందు తప్పిపోవచ్చునని నాకప్పుడు బోధపడినది. పుట్టుకతో వచ్చిన అక్షరమునకు మనుష్యుని నిందించుట న్యాయమా?

నేడు కాలము మారినది. 2013 చివరనుండి వచ్చిన క్రొత్త మాత్రలు వైరసునే నేరుగా అడ్డగించును; వానికి ఆ అక్షరముతో అంతగా పనిలేదు. సాధారణముగా 12 వారములలో నూటికి 95 మందికి పైగా నయమగుచున్నది. 2018 జూలై 28న భారతప్రభుత్వము ప్రారంభించిన జాతీయ కార్యక్రమమున పరీక్షయు మందును ఉచితము.

కావున పెద్దలారా, జ్వరము తగిలిన ప్రతిసారియు సూది వేయుమని పట్టుబట్టకుడు. వేయక తప్పనిచో క్రొత్తసూదిని మీ కన్నులయెదుటనే విప్పుమనుడు. పూర్వమెన్నడైన రక్తమెక్కించుకొనినవారు ఒకసారి పరీక్ష చేయించుకొనుడు.

ఆ రెండవ రైతు ఈ మాత్రలు వచ్చువరకు బ్రతుకలేదు. ఆయనకు చెప్పవలసియుండి చెప్పలేకపోయిన మాటను మీకు చెప్పితిని.